మోటారు బండి నాడి పరీక్ష

సంతలో కుండ కొనబోవు ఇల్లాలు దానిని ఎడమచేత బట్టి, కుడిచేతి వ్రేళ్ల కణుపులతో తట్టి చూచును. ఖంగున మ్రోగిన కుండ ఇంటికి వచ్చును. బొంగురుగా పలికిన కుండ కుమ్మరియొద్దనే నిలిచిపోవును. కంటికి కానరాని బీట చెవికి దొరికినది. వైద్యుని పనియు నిట్టిదే. 1816లో ఫ్రాన్సు దేశపు వైద్యుడగు లెన్నెక్ కాగితమును గొట్టముగా చుట్టి, ఒక కొన రోగి రొమ్మునకును, రెండవ కొన తన చెవికిని ఆనించి గుండె చప్పుడు వినెను. నేటి స్టెతస్కోపునకు అదియే మూలము. కుండను తట్టు ఇల్లాలును, రొమ్మును విను వైద్యుడును చేయు పనినే మోటారు మేస్త్రీయు చేయుచున్నాడు. అతడు బండి నాడి చూచు విధమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

నేటి క్రొత్త కార్లలో లోపము కలిగినచో ఎదుటి పలకపై ఒక దీపము వెలుగును. మేస్త్రీ ఒక యంత్రమును తగిలించి లోపము సంఖ్యను చదువుకొనును. కార్బురేటరు గల ప్రాత బండ్లకు అట్టి సౌకర్యము లేదు. వాని బాధను అవి నోటితోనే చెప్పుకొనవలెను, మనము చెవితోనే వినవలెను. ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు సుమారు 120 కిలోమీటర్లు. 1965లో గోదావరిపై వంతెన ఏర్పడిన పిమ్మట ఈ త్రోవ ఆవలి అడవి గ్రామములకును దారి చూపినది. భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్ల వైపు పోవుకొలది ఊళ్లు పలుచనై, టేకు, ఇప్ప, తునికి చెట్లు చిక్కనగును. అట్టి చోట బండి నిలిచిన మేస్త్రీ షెడ్డు దొరకదు. కావున ఏ చప్పుడుతో బండిని నడుపవచ్చునో, ఏ చప్పుడుతో తక్షణము ఆపవలెనో తెలిసియుండుట ఇచ్చట వినోదమునకు గాదు, అవసరమునకు.

ముందుగా యంత్రమెట్టిదో తెలిసికొందము. ఉదాహరణమునకు అందరును ఎరిగిన అంబాసిడరు కారును తీసికొందము. ఇది ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారిచే తయారై, 2014లో నిలిచిపోయినది. దాని ప్రాత పెట్రోలు మోడళ్లలో పెక్కింటికి 1489 ఘనసెంటీమీటర్ల ఇంజను ఉండెను. ఈ సంఖ్య ఎట్లు వచ్చినదో గణితము చదువు బాలురు తామే తేల్చుకొనవచ్చును. సిలిండరు లోపలి అడ్డుకొలత 7.3 సెంటీమీటర్లు, పిస్టను నడచు దూరము 8.89 సెంటీమీటర్లు, సిలిండర్లు నాలుగు. స్తూపపు ఘనపరిమాణ సూత్రమున వీనిని ఉంచి చూడుడు. ఒకటి రెండు ఘనసెంటీమీటర్ల తేడాతో ఆ సంఖ్యయే వచ్చును.

ఒక్కొక్క సిలిండరులో పిస్టను నాలుగు పనులు చేయును: పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని పీల్చుట, దానిని నొక్కుట, నిప్పురవ్వతో మండిన వాయువుచే క్రిందికి త్రోయబడుట, పొగను బయటికి నెట్టుట. ఈ నాలుగును ముగియుటకు క్రింది క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగును. వాల్వులను తెరచు క్యాము షాఫ్టు ఆ కాలములో ఒక్క చుట్టే తిరుగును. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొన్నచో చప్పుళ్ల శాస్త్రములో సగము తెలిసినట్లే. ఇంజను నిలుకడగా నిమిషమునకు 800 చుట్లు తిరుగుచుండగా, ఒక్కొక్క వాల్వు నిమిషమునకు 400 మారులే తెరచుకొనును. అనగా సెకనుకు ఆరేడు మారులు. క్రాంకుతో పాటు తిరుగు భాగములు సెకనుకు పదుమూడు మారులు చప్పుడు చేయగలవు. కావున నెమ్మదియైన "టిక్కు టిక్కు" సాధారణముగా పైనున్న వాల్వులదనియు, దానికి రెట్టింపు వడిగల చప్పుడు క్రింది భాగమునదనియు తలపవచ్చును. అయితే పిస్టను కడ్డీ బేరింగు అరిగినప్పుడు మంట పుట్టిన దెబ్బ మాత్రమే గట్టిగా వినబడి, రెండు చుట్లకొక్కసారి మ్రోగినట్లు తోచుటయు కలదు. కావున లయ మొదటి జల్లెడ మాత్రమే, తీర్పు కాదు.

ఇక వినుట యెట్లు? ఇంజను పెట్టె యంతయు ఒక్కటిగా మ్రోగుచుండును. ఉత్త చెవికి ఎచ్చటి చప్పుడో తెలియదు. పొడుగుపాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజను మీద నిలిపి, పిడిని చెవి వెనుకటి ఎముకకు ఆనించి వినవలెను. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. ఉక్కులో సుమారు 5000 మీటర్లు పోవును. కడ్డీ ఆనిన చోటి చప్పుడు చెదరక నేరుగా చెవికి చేరును. ఒక్కొక్క సిలిండరు వద్దను, వాల్వుల మూతపైనను, క్రింది ఆయిలు తొట్టిపైనను, నీటి పంపుపైనను కడ్డీని మార్చి మార్చి విన్నచో ఎచ్చట బిగ్గరగా నున్నదో తేటపడును. ఈ పనికి మూడు కట్టుబాట్లు కలవు. పంచె కొంగు, ఓణీ, జడ ఫ్యానుకును బెల్టుకును దూరముగా నుండవలెను. మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు; దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగు, వాసన లేని విషము. పెద్దలు ప్రక్కన లేక పిల్లలు ఈ పనికి పూనుకొనరాదు.

చప్పుళ్లలో అన్నిటికంటె తరచుగా వినబడునది టాపెట్టు చప్పుడు. వాల్వు కాడకును దానిని నొక్కు మీటకును నడుమ అరమిల్లీమీటరుకు లోబడిన సందు ఉండవలెను. వేడికి లోహము సాగుటకు ఆ సందే చోటు. అది హెచ్చినచో కుట్టుమిషను వంటి తేలిక చప్పుడు కలుగును. చప్పుడగు మీట క్రింద పలుచని గేజి రేకును దూర్చగా చప్పుడు అణగినచో దోషి దొరికినట్లే. ఈ చప్పుడుతో బండి ఇల్లు చేరును. తరువాత తీరికగా సందు సరిచేసికొనవచ్చును.

ఉదయము చల్లని ఇంజనులో బోలుగా "లొటలొట" యని వినబడి, వేడెక్కిన కొలది తగ్గిపోవునది పిస్టను చప్పుడు. సిలిండరు గోడ అరిగి పిస్టను వదులైనది; వేడికి పిస్టను వ్యాకోచించి సందు పూడుచున్నది. ఇది వార్ధక్య లక్షణము, ప్రాణాపాయము గాదు. వేడెక్కు వరకు నెమ్మదిగా నడుపవలెను.

ఎత్తు ఎక్కునప్పుడు, పెద్ద గేరులో బండి బరువుగా లాగునప్పుడు, గాజు గోళీలు ఇనుప డబ్బాలో పోసినట్లు "గలగల" వినబడినచో అది ఏ భాగమును వదులైన చప్పుడు గాదు. పెట్రోలు ఆవిరి క్రమముగా మండుటకు బదులు ఒక్కమారుగా ప్రేలుచున్నది. నిప్పురవ్వ వేళకు ముందుగా పడుట, ఇంజను మితిమీరి వేడెక్కుట, లోపల మసి పేరుకొనుట, గాలి పాలు హెచ్చుట, పెట్రోలులో కిరసనాయిలు కలియుట దీనికి కారణములు. చిన్న గేరునకు దిగి, యాక్సిలరేటరు మీది పాదమును తేలికచేసిన తక్షణము ఆగును. ఆపక తోలినచో పిస్టను తలకు చిల్లు పడును.

కార్బురేటరు తన బాధలను తానే చెప్పును. అంబాసిడరు బండ్లలో తరచు కనబడు ఎస్.యు. కార్బురేటరు ఇంగ్లండులో స్కిన్నర్ సోదరులు కనిపెట్టినది. మొదట దానిలో తోలు తిత్తి ఉండెననియు, పిమ్మట దాని స్థానమున లోహపు పిస్టను వచ్చెననియు చెప్పుదురు. ఇంజను పీల్పు హెచ్చినకొలది ఆ పిస్టను పైకి లేచును. దాని క్రింది సూది జెట్టులో నుండి పైకి వచ్చి, పెట్రోలునకు దారి వెడల్పు చేయును. కార్బురేటరు నోట "తుప్పుతుప్పు" మని ఉమ్మినట్లు చప్పుడైనచో పెట్రోలు చాలలేదని అర్థము. "స్స్" మను బుస వినబడినచో కార్బురేటరునకును ఇంజనుకును నడిమి గ్యాస్కెట్టు సందున దొంగగాలి చొరబడుచున్నది. ఆ కీలు చుట్టును సబ్బునీరు కొంచెము చిలికిన బుస మారును, చిల్లు తెలియును. యాక్సిలరేటరు నొక్కగానే ఇంజను తడబడి ఉమ్మినచో, పైని గోపురములో పోయవలసిన పలుచని నూనె ఇంకిపోయినదేమో చూడవలెను. సైలెన్సరులో "ఢాం" మని ప్రేలినచో మండని పెట్రోలు అచ్చటికి చేరుచున్నది. పెట్రోలు పాలు హెచ్చుటయో, నిప్పురవ్వ ఆలసించుటయో, పొగగొట్టపు కీళ్లు విడుటయో కారణము.

పాలు సరిగానున్నవో లేవో చూచుటకు ఒక చక్కని పరీక్ష కలదు. ఇంజను వేడిగా, నిలుకడగా తిరుగుచుండగా కార్బురేటరులోని పిస్టనును ఒక మిల్లీమీటరుకు మించకుండ పైకి లేపవలెను. ఇంజను వడి హెచ్చి, అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువ. వడి తగ్గి ఆగబోయినచో పెట్రోలు తక్కువ. క్షణకాలము రవంత హెచ్చి, మరల మునుపటికి వచ్చినచో సమపాళ్లు.

ఇచ్చట నేటి పెట్రోలును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 2023లో మన దేశమున 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకము మొదలై, 2025 నాటికి అంతటను వ్యాపించినది. ఇథనాలులో ఆక్సిజను ఇదివరకే యుండుటచేత అది మండుటకు తక్కువ గాలి చాలును. క్రొత్త కార్లు పొగలోని ఆక్సిజనును తామే కొలిచి పాలు సరిదిద్దుకొనును. కార్బురేటరునకు ఆ తెలివి లేదు. మునుపటి కొలత చొప్పుననే పోయును. అందుచే నిన్నటివరకు సరిగా నడచిన బండి నేడు ఉమ్మసాగును. ప్రాత రబ్బరు గొట్టములును ఇథనాలునకు మెత్తబడి చీలును. కావున పెట్రోలు వాసన వచ్చినచో చప్పుడు సంగతి తరువాత. ముందు ఇంజను ఆపి గొట్టము చూడవలెను.

రెండవ సంగతి మరింత సూక్ష్మమైనది. 1921లో అమెరికాలో పెట్రోలునకు సీసపు ద్రవ్యము కలుపుట కనిపెట్టిరి. దానిచే పైని గలగల తగ్గెను. సీసపు పలుచని పొర వాల్వు కూర్చుండు పీఠమును గూడ కాపాడెను. కాని సీసము పిల్లల మెదడునకు విషము. కావున 2000 ఫిబ్రవరి మొదలు మన దేశమంతటను సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. అది మంచి పనియే. అయితే ప్రాత ఇంజనులలో, ముఖ్యముగా వడిగా తోలినప్పుడు, పోతఇనుప పీఠములు అరిగి పొగ వాల్వులు లోనికి క్రుంగును. అప్పుడు టాపెట్టు సందు తనంతట తానే పూడిపోవును. టిక్కు టిక్కు మాయమగును. యజమాని బండి నెమ్మదించెనని సంతోషించును. నిజమునకు వాల్వు పూర్తిగా మూసికొనుట మానుకొన్నది. మంట దాని అంచును కాల్చివేయును. చప్పుడు పుట్టుట యొక లక్షణమైనచో, ఉండవలసిన చప్పుడు పోవుట అంతకంటె పెద్ద లక్షణము. అల్లరి పిల్లవాడు ఉన్నట్లుండి మూలకు కూర్చున్నచో తల్లి నుదుటిపై చేయి వేసి చూడదా?

ఇక అన్నిటికంటె భయంకరమైనది బేరింగు చప్పుడు. పిస్టను కడ్డీ క్రింది కొనను క్రాంకుకు కలుపు బేరింగు అరిగినచో, సుత్తితో కొట్టినట్లు "టక్కు టక్కు" మని గట్టి దెబ్బలు వినబడును. మధ్యరకపు వడిలో యాక్సిలరేటరు వదలిన క్షణమున ఇది స్పష్టపడును. క్రాంకును మోయు పెద్ద బేరింగులు అరిగినచో దెబ్బ మరింత లోతుగా, బరువు లాగునప్పుడు "దబ్బు దబ్బు" మని నేలలోనుండి వచ్చినట్లుండును. ఆయిలు ఒత్తిడి పడిపోవును. ఏ సిలిండరుదో తెలియుటకు ఇంజను ఆపి, ఒక ప్లగ్గు తీగను ఊడదీసి, దాని కొనను ఇంజను ఇనుమునకు ఆనించి కట్టి, మరల క్షణకాలము నడిపి వినవలెను. ఆ సిలిండరులో మంట లేనందున దాని కడ్డీపై దెబ్బ పడదు. ఏ తీగ తీసినప్పుడు చప్పుడు తగ్గునో ఆ కడ్డీయే దోషి. ఇట్లు నాలుగింటిని వరుసగా పరీక్షింపవలెను.

ఈ పాఠమును మేము పుస్తకములో గాక అడవిలో నేర్చుకొంటిమి. కొన్నేండ్ల క్రిందట ఒక వేసవి రాత్రి, సెలవులకు ఇంటికి పోయిన మా విద్యార్థి యొకనికి తీవ్రమైన చలిజ్వరము వచ్చెనని కబురు రాగా, ప్రాత అంబాసిడరులో అతనిని, అతని తల్లిని భద్రాచలము ఆసుపత్రికి తీసికొని వచ్చుచుంటిమి. చర్ల దాటిన కొంతసేపటికి ఇంజనులో "టక్కు టక్కు" మొదలయ్యెను. బండి తోలుచున్న పెద్దాయన రోడ్డు ప్రక్కకు తీసి ఆపెను. మూత యెత్తి, టార్చి వెలుగున ఒక్కొక్క తీగను తీసి పరీక్షించెను. మూడవ తీగ తీసినప్పుడు చప్పుడు అణగెను.

బాలుడు తల్లి ఒడిలో మూలుగుచుండెను. మాకు తొందర. "ఎట్లో నెమ్మదిగా పోనిమ్ము" అంటిమి. ఆయన కదలలేదు. "ఇది టాపెట్టు సప్పుడు గాదు సారూ, బేరింగు. పోతే పోద్ది ఇంకో రెండు మైళ్లు. ఆడ కడ్డీ ఇరిగితే మనల్ని చూసేటోడు లేడు. ఈడైతే ఇప్పుడే తునికాకు కల్లం దాటినం, లారీ రాకుండ ఉండదు" అనెను. మాకు కోపము వచ్చినది. కాని ఆయన మాటలో న్యాయము కనబడి ఊరకుంటిమి. అరగంట మాకు రాత్రియంత పొడుగైనది. ఆకు మూటల లారీ వచ్చెను. తల్లిని, బిడ్డను ముందు సీటులో ఎక్కించి, మేమును ఎక్కితిమి. ఆయన మాత్రము బండియొద్దనే తెల్లవారు వరకు ఉండెను. బాలునికి వేళకు మందు అందినది. జూన్ నెలలో తరగతికి వచ్చెను.

ఇంజను విప్పినప్పుడు మూడవ కడ్డీ బేరింగు రేకు కాగితమువలె అరిగియుండెను. మరి కొంతదూరము తోలినచో కడ్డీ విరిగి ఇంజను గోడను పగులగొట్టియుండెడిదని మేస్త్రీ చెప్పెను. ఈ నేరము బండిది కాదు. అంతకు పది దినములకు ముందే ఉదయపు వేళ సన్నని చప్పుడు వినియుంటిమి. ఒక షెడ్డులో అది టాపెట్టేయని చెప్పి చిక్కని ఆయిలు పోయగా చప్పుడు తగ్గినది. మేమును తృప్తి చెందితిమి. చప్పుడు తగ్గినదే గాని రోగము తగ్గలేదు. కడ్డీ ఆనించి విని, నాలుగు తీగలు తీసి చూచుటకు పావుగంట చాలియుండెడిది. ఆ పావుగంట మేము పెట్టకపోవుటచే ఒక బాలుని ప్రాణము అడవి రోడ్డుమీద అరగంట వ్రేలాడినది.

కావున చదువరులారా, ఈ విభాగమును గుర్తుంచుకొనుడు. టాపెట్టు టిక్కు, చల్లని వేళ పిస్టను లొటలొట, కార్బురేటరు ఉమ్ము: వీనితో నెమ్మదిగా ఇల్లు చేరి, వారములోగా బాగుచేయించుకొనవచ్చును. ఎత్తు మీది గలగలకు గేరు మార్చి, కారణము వెదకవలెను. ఫ్యాను బెల్టు కీచునకు ఆపి, బిగువు చూడవలెను. అది తెగినచో నీటి పంపు ఆగి, ఇంజను కాగిపోవును. సుత్తి దెబ్బవంటి టక్కు, లోతైన దబ్బు, వెలిగిన ఆయిలు దీపము: ఈ మూటికి ఒక్కటే మందు, అచ్చటనే ఇంజను ఆపవలెను. తరువాత ఆయిలు కడ్డీ తీసి మట్టము చూడవలెను.

ఉన్న చప్పుడును ఉన్నట్లు వినుట కష్టమైన విద్య. మనకు ఇష్టమైన పేరు దానికి పెట్టుట సులభము. మేము బేరింగును టాపెట్టని పిలిచితిమి, ఏలయన టాపెట్టునకు ఖర్చు తక్కువ. ఆ పెద్దాయన బడిలో అయిదవ తరగతి దాటలేదు. కాని తాను విన్నదానికి సరియైన పేరు పెట్టి, మా కోపమునకు జంకక దానిమీద నిలిచెను. లెక్కలో గాని, జ్వరములో గాని, స్నేహితుని నడవడిలో గాని ఏదో తేడా చప్పుడు వినబడినప్పుడు మా విద్యార్థులు ఆ రాత్రిని తలచుకొని, ఒక్క పావుగంట ఆగి విందురు గాక.